కరెంటు పోయినప్పటి జనం

రాస్ అల్ ఖైమా ఆస్పత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో నాకు వచ్చిన విద్యలు రెండే. ఒకటి, ఎంత చిక్కిపోయిన చేతిలోనైనా నరం వెతికి సూది ఎక్కించడం. రెండోది, జనం చప్పుడు విని వాళ్ళ మనసులో ఏముందో చెప్పడం. మొదటిదానికి జీతం ఇచ్చారు. రెండోదాని పుణ్యమా అని ఉన్న ఒక్క తోడూ పోయింది.

ఆ తోడు ఒక ఫిలిప్పీన్ సిస్టర్. హాస్టల్ గదిలో రెండు మంచాలు. కిటికీ వైపుది ఆమెది, తలుపు వైపుది నాది. మొదట్లో ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే తప్ప మాటలు తక్కువ. మమ్మల్ని కలిపింది ఎండు చేప. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె వాళ్ళ దేశం నుంచి తెచ్చుకున్న ఎండు చేపలు వేయిస్తుంటే వరండా పొడుగునా తలుపులన్నీ దడేల్ దడేల్‌మని మూసుకున్నాయి. నేను మాత్రం పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. సముద్రానికి దగ్గర్లో పుట్టి పెరిగిన దాన్ని, నాకు అది వాసనెలా అవుతుంది? ఆమె నాకు చేప పెట్టింది, నేను ఆమెకు ఆవకాయ పెట్టాను. ఆమెదీ వచ్చీరాని ఇంగ్లీషే, నాదీ వచ్చీరాని ఇంగ్లీషే. రెండూ కలిస్తే మాకు సరిపోయేది. ఇక్కడ అదంతా తెలుగులోనే రాస్తున్నాను.

ఆమె రాకముందు ఆ గదిలో ఏడాది పాటు ఒక్కదాన్నే ఉన్నాను. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసే మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో, పొద్దస్తమానం పరాయివాళ్ళ నుదుళ్ళ మీద చెయ్యి వేసే నర్సుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె వచ్చాక నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గదిలో లైటు వెలుగుతూ ఉండేది. ఆమెది కేథలిక్కు, మాది బాప్టిస్టు. భోజనం ముందు ఆమె గబుక్కున సిలువ గుర్తు వేసుకుని తినడం మొదలుపెట్టేది. నేను ఇంకా ప్రార్థనలోనే ఉండేదాన్ని. మీ దేవుడికి వినపడడానికి అంతసేపు పడుతుందా అని ఏడిపించేది. నాకు ఆ ఏడిపింపు బాగుండేది. నాతో అలా మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆమె భర్త బడిపంతులు. అక్కడి ప్రభుత్వం అంటే గిట్టనివాళ్ళలో కలిశాడు. ఇక ఊళ్ళో ఉండలేని పరిస్థితి వచ్చి, ఒకనాడు కొండల్లోకి వెళ్ళిపోయాడట. బతికే ఉన్నాడని అప్పుడప్పుడు ఎవరో ఒకరి ద్వారా కబురు అందేది, అంతే. ఏళ్ళ తరబడి కుర్చీలో ఉన్న ఆ అధ్యక్షుడు దిగితే తప్ప ఆయన ఇంటి గడప తొక్కలేడు. కూతురు అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ ఇల్లు గడిచేది ఈమె దుబాయ్ జీతంతోనే. రాస్ అల్ ఖైమాలో ఉన్నా, అబుదాబిలో ఉన్నా, మా ఊళ్ళోవాళ్ళకైనా వాళ్ళ ఊళ్ళోవాళ్ళకైనా మేము ఉన్నది దుబాయే.

అలాంటప్పుడు, ఎనభైల నడుమ ఒక చలికాలం, వాళ్ళ దేశంలో ఉన్నట్టుండి అధ్యక్ష ఎన్నికలు ప్రకటించారు. ఆ కబురు రేడియోలో విన్న రోజు ఆమె డ్యూటీకి రెండు కాళ్ళకూ రెండు రకాల మేజోళ్ళు వేసుకుని వెళ్ళింది. అప్పటినుంచీ అదే ధ్యాస. భర్త వచ్చాక ఇంటికి ఏ రంగు వేయించాలి, కూతుర్ని ఏ బళ్ళో చేర్చాలి, ఇవీ మాటలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనే మా సామెతను ఆమెకు ఇంగ్లీషులో చెప్పబోయి మధ్యలోనే మానుకున్నాను. సోమలింగం ఎవరని అడిగితే ఏం చెప్పను?

ఆ అధ్యక్షుడి మీద పోటీకి దిగిన ఆమె పక్షం రంగు పసుపు. మా రాష్ట్రంలో కూడా అంతకు కొన్నేళ్ళ ముందే పసుపు జెండాలు ఊరూరా ఎగిరాయి. అప్పటికే నేను గల్ఫ్‌లో ఉన్నాను. ఆ కబుర్లు పాత పేపర్లలో చదువుకున్నాను. నేను లేకుండానే మా ఊరు ఓటేసింది, నేను లేకుండానే సంబరం చేసుకుంది. అందుకేనేమో ఎవరిదో దేశం, ఎవరివో ఎన్నికలు అనుకోలేకపోయాను.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చేవాళ్ళ చేతికి ఆమె అన్న క్యాసెట్లు ఇచ్చి పంపేవాడు. ఆ రోజుల్లో ఉత్తరం రాసే ఓపిక లేనివాళ్ళంతా క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్ళు. ఒక పక్క తల్లి, కూతురు మాట్లాడేవాళ్ళు. రెండో పక్క ఈ అన్న తమ పక్షం ఎన్నికల సభకు వెళ్ళి, టేప్ రికార్డరు పట్టుకుని, అక్కడి సందడంతా ఎక్కించి పంపాడు. ఆమెకు అక్కడి ఉత్సాహం ఎంతుందో తెలియాలని ఆయన కోరిక.

మొదటి క్యాసెట్ వచ్చిన సాయంత్రం ఇద్దరం టూ ఇన్ వన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. బ్యాండు, పాటలు, ఉపన్యాసాలు, చెవులు పగిలే చప్పట్లు. ఆమె కళ్ళ నీళ్ళతో నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని, గెలుస్తున్నాం గదా అంది. నాకు ఆ భాష ఒక్క ముక్క తెలియదు. ఏం మాట్లాడుతున్నారో తెలియదు కాబట్టి జనమే వినపడ్డారు. తొందరపడి చంకలు గుద్దుకోకు, ఇది తెచ్చిన జనంలా ఉంది అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. నీకెలా తెలుసు అంది. అప్పుడు మా నాన్న సంగతి చెప్పాను.

మా నాన్నకు మైకు సెట్టు షాపు ఉండేది. కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌను. పెళ్ళికీ అవే హారన్లు, చర్చి కన్వెన్షన్‌కూ అవే, శ్రీరామనవమి పందిరికీ అవే, ఎన్నికల సభకూ అవే. ఏ పార్టీ అని చూసేవాడు కాదు, అద్దెకు ఇచ్చేవాడు. సభ జరుగుతుంటే స్టేజీ వెనక ఆంప్లిఫయర్ దగ్గర కూర్చునేవాడు. అక్కణ్ణించి ఆయనకు కనిపించేవి నాయకుల వీపులే. జనాన్ని చూడ్డానికి వీలుండేది కాదు, వినేవాడు. నేను క్యారేజీ తీసుకెళ్ళి, ఆయన అన్నం తినేదాకా పక్కనే కూర్చునేదాన్ని. తింటూ తింటూ చెప్పేవాడు. లారీల్లో తెచ్చిన జనం చప్పట్లు ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగిపోతాయి. ముందు వరుసలో ఎవడో చెయ్యి ఊపుతాడు. తమంతట తాము వచ్చినవాళ్ళు మాట పూర్తి కాకుండానే ఏదో మూల మొదలుపెడతారు, ఆపడం వాళ్ళకు చేతకాదు. చంటిపిల్లల ఏడుపు వినపడితే ఆడవాళ్ళు చంటివాళ్ళను చంకనేసుకుని మరీ వచ్చారని లెక్క. వేరుశెనక్కాయలవాడి కేక చివరిదాకా వినపడితే జనం కదల్లేదని లెక్క. ఫలితాలు వచ్చాక నాన్న చెప్పిందే నిజమయ్యేది. ఓడిపోయేవాళ్ళకు కూడా మొహం మీదే చెప్పేవాడు కాబట్టి కొందరు మళ్ళీ మా షాపు మెట్లెక్కలేదు.

ఆమె అంతా వింది. మీ దేశం వేరు, మా దేశం వేరు అని గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు మూడు రోజులు ముక్తసరిగానే మాట్లాడింది. ఆ రెండు మూడు రోజులకే నాకు ఊపిరాడలేదు. ఆమె నిజంగా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అప్పుడే రుచి చూశాను.

ఈలోగా ఆమె కాంట్రాక్టు గడువు దగ్గరపడింది. మళ్ళీ సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు కదలడానికి వీల్లేదు. పాస్‌పోర్టు ఆస్పత్రి వాళ్ళ దగ్గరే ఉంటుంది. పెట్టకపోతే టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు. ముదీర్, అంటే ఆస్పత్రి మేనేజరు, ఆమెను పిలిచి, నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలన్నాడు. ఎన్నికలేమో ఆ తర్వాత. సంతకం పెట్టాక ఆమె పక్షం గెలిస్తే, భర్త కొండలు దిగి వచ్చేసరికి ఇంట్లో ఆమె ఉండదు. పెట్టకుండా వెళ్ళాక ఓడిపోతే, భర్తా రాడు, ఉద్యోగమూ ఉండదు, కూతురు తినేది ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ళ దేశపు నర్సులంతా సంతకం పెట్టమనే చెప్పారు.

మా ఆస్పత్రి వ్యాను డ్రైవరు కరీంనగర్ వైపు పల్లెటూరివాడు. సెలవు రోజున మమ్మల్ని షార్జాలో రోలా బజారుకు తీసుకెళ్ళేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆ ఆస్పత్రిలో అతనొక్కడే. ఒకసారి దారిలో ఈ సంగతంతా అతనికి చెప్పాను.

“అక్కా, జనం వచ్చుడు వేరే, ఓట్లు పడుడు వేరే,” అన్నాడు. “మా దిక్కు లారీలెక్కి మీటింగుకు పోతరు, వాడు పెట్టింది తింటరు, ఓటు మాత్రం వాళ్ళ మనసుల ఉన్నోనికే ఏస్తరు. అయినా ఏ రాయైతేంది పండ్లూడగొట్టుకోనీకి? దస్కత్ పెట్టుమను. ఖలాస్.”

అతను ఆ మాట అన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆమె సంతకం పెట్టాలనే నేను కోరుకున్నాను. దాచుకోవడం ఎందుకు, ఆమె భర్త వస్తే బాగుండునని రోజూ ప్రార్థనలో అడుగుతూనే, ఇప్పుడే కాకుండా ఇంకో రెండేళ్ళకు వస్తే ఏం పోయిందని లోపల అనుకునేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు. నాన్న పోయాక తమ్ముడు మైకు సెట్లు అమ్మేసి, నేను పంపిన డబ్బుతో వీడియో షాపు పెట్టుకున్నాడు. సెలవులో వెళ్ళినప్పుడు ఏం తెచ్చావని అడిగేవాడు, ఎప్పుడు వెళ్తావని అడిగేవాడు. మధ్యలో అడగడానికి అతనికి ఇంకేమీ ఉండేది కాదు.

నెలాఖరుకు ముందు రెండో క్యాసెట్ వచ్చింది. ఈసారి ఆమె నన్ను పిలవకుండా ఒక్కతే విన్నది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం మీద ముడుచుకుని ఏడుస్తోంది. మా అన్నకు ఏదో అయింది అంది. సభ మధ్యలో అంతా గందరగోళమైపోయింది, తోపులాట, పోలీసులు కొట్టి ఉంటారు, క్యాసెట్ అక్కడే ఆగిపోయింది అంది. ఇంకా వేస్తే చెడు శకునం అన్నట్టు ఆ యంత్రం మీద తువ్వాలు కప్పేసింది.

నేను చెప్పులు కూడా విప్పకుండా తువ్వాలు తీసి, వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను.

మొదట ఉపన్యాసం. ఎవరో ఆడమనిషి గొంతు, హారన్‌లోంచి గరగరమంటూ వస్తోంది. చప్పట్లు అక్కడక్కడ. ఉన్నట్టుండి టప్‌మని శబ్దం, ఆ గొంతు తెగిపోయింది. నాకు వెంటనే తెలిసింది, కరెంటు పోయింది. అలాంటి టప్ శబ్దాలు చిన్నప్పుడు చాలానే విన్నాను.

ఆ విషయం ఆమెకు చెప్పి, ఊరుకుని వినమన్నాను. సభలో కరెంటు పోవడం మా నాన్నకు పండగ. బ్యాటరీ పక్కనే సిద్ధంగా ఉండేది. అయినా వెంటనే తగిలించేవాడు కాదు. వైరు దొరకనట్టు, స్క్రూ పట్టనట్టు కాసేపు నటించేవాడు. స్టేజీ మీద నాయకులు కేకలేసేవాళ్ళు. ఉండమ్మా, అసలు సంగతి ఇప్పుడు తెలుస్తుంది అని నాతో గుసగుసగా అనేవాడు. మైకు పోగానే తెచ్చిన జనం లేచి పంచెలు దులుపుకుని లారీలు ఎక్కడున్నాయో వెతుక్కుంటారు. చప్పుడు వెనక్కి, దూరంగా పోతుంది. మనసుతో వచ్చిన జనం మాట వినపడడం లేదని స్టేజీ దగ్గరికి జరుగుతారు. చప్పుడు ముందుకొస్తుంది. నాన్న అది తేల్చుకున్నాకే బ్యాటరీ తగిలించేవాడు.

క్యాసెట్లో గందరగోళం మొదలైంది. బట్టలు రికార్డరుకు రాసుకుంటున్నాయి, అడుగుల చప్పుడు, ఎవరో ఎవర్నో తొయ్యడం, ఒక చంటిపిల్ల ఏడుపు. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను వాల్యూమ్ పెంచాను. ఆ తొక్కిడి కింద, ఎక్కడో చాలా దూరాన, మైకు లేని ఆ ఆడమనిషి గొంతు సన్నగా వినపడింది. మాట్లాడడం ఆపలేదు. కాసేపటికి ఆ గొంతు ఇంకొంచెం స్పష్టంగా వచ్చింది. ఆ తర్వాత ఇంకొంచెం. ఆమె అన్న పారిపోవడం లేదు. జనంతో పాటు ముందుకు పోతున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. కొడితే మాట వినపడదని ఒకరినొకరు ఊరుకోమంటున్నారు. ఉష్‌ష్ అనడానికి ఏ దేశంలోనైనా ఒకటే భాష. ముందువాళ్ళు విన్నది వెనకవాళ్ళకు చెబుతున్నట్టు, ఒకే మాట గొంతు మారి గొంతు మారి వెనక్కి పోతోంది. అలా ఉండగానే క్యాసెట్ పక్క అయిపోయి టక్‌మని ఆగింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. టేపు అయిపోయింది, అంతే.

ఆమె నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. మీ అన్న క్షేమంగా ఉన్నాడని చెప్పాను. ఆమె అడగాల్సింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

“జనం సంగతి చెప్పు,” అంది. “మీ నాన్న అయితే ఏం చెప్పేవాడు? దాన్ని బట్టే రేపు ముదీర్ దగ్గరికి వెళ్తాను.”

స్పష్టంగా లేదు, చెప్పలేను అంటే చాలు. అబద్ధమని ఎవరూ పట్టుకోలేరు. ఆ ఒక్క మాటతో ఆమె ఇంకో రెండేళ్ళు కిటికీ పక్క మంచం మీద ఉంటుంది, నేను వచ్చేసరికి లైటు వెలుగుతూ ఉంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేను విన్నది విన్నాను. అంతమంది మనుషులు మైకు లేని గొంతు కోసం ఒకరి మీద ఒకరు పడుతూ ముందుకు జరగడం నా చెవులతో విన్నాక, వినలేదని చెప్పడం నావల్ల కాలేదు. నాన్నను కాదన్నట్టు అనిపించింది.

“సంతకం పెట్టకు,” అన్నాను. “వాళ్ళు ఇంటికి వెళ్ళే జనం కాదు.”

మర్నాడు ఆమె ముదీర్ దగ్గరికి వెళ్ళి వద్దని చెప్పి వచ్చింది. గడువు తీరేదాకా మాత్రం డ్యూటీ చెయ్యాలి. వాళ్ళ దేశపు నర్సులు నన్ను చూస్తే మొహం తిప్పుకున్నారు. డ్రైవరు మాత్రం జాలిగా చూసి, గదేంది అక్కా గట్ల జెప్పినవ్ అన్నాడు.

ఎన్నికలు అయ్యాయి. ఆమె రేడియో వదల్లేదు. ఒక వార్త ఇటు లాగేది, ఒక వార్త అటు లాగేది. చివరికి లెక్క ప్రకారం పాత అధ్యక్షుడే గెలిచాడని ప్రకటించారు. ఆమె పక్షంవాళ్ళు ఆ లెక్క ఒప్పుకోలేదు. అయినా ప్రకటన ప్రకటనే. ఆమె ఆ రోజు ఏడవలేదు. గిన్నెలు కడిగి, బట్టలు ఇస్త్రీ చేసి, వచ్చి మంచం మీద కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నా మాట నమ్మి ఒక మనిషి రోడ్డున పడిందే అని నేను కుమిలిపోవాలి. కుమిలిపోయాను కూడా. కానీ దాని అడుగున ఇంకోటి ఉంది. ఇప్పుడు ఇంకెక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుంది గదా అని ఒక సంతోషం. దాన్ని ఎంత తొక్కినా లేస్తూనే ఉంది. ముదీర్ కాళ్ళ మీద పడైనా ఆ కాంట్రాక్టు మళ్ళీ ఇప్పిస్తానని ఆమెతో అన్నాను. నిజంగానే వెళ్ళాను. ముదీర్ మంచివాడే. ఆ ఖాళీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, వచ్చే వారం పంపించమన్నాడు. ఆ మాట మోసుకుంటూ గదికి పరుగెత్తినంత పని చేశాను. ఆమె విని తల ఊపింది. సరే, వచ్చే వారం పెడతాను అంది. ఆ సాయంత్రం నేను పులిహోర కలిపాను. ఆమె కొంచెం తిన్నది.

ఆ వారం ఇంకా కాకముందే రేడియోలో కొత్త వార్త. రాజధానిలో జనం వీధుల్లోకి వచ్చేశారు. ఒక పెద్ద రోడ్డు మీద కూర్చున్నారు, లేవడం లేదు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, కన్యాస్త్రీలు, వంట గిన్నెలతో సహా వచ్చారట. మిలిటరీ వచ్చినా లేవలేదట. హాస్టల్ వరండాలో ఆమె, వాళ్ళ దేశపు నర్సులు రేడియో చుట్టూ మూగారు. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. ఆమె ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. వాళ్ళు ఇంటికి వెళ్ళే జనం కాదని నేను చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చిందని ఆ చూపులోనే తెలిసింది. నేను సరిగ్గానే విన్నాను. నా జీవితంలో అంత సరిగ్గా ఇంకేదీ వినలేదు. కానీ వచ్చే వారం ఆమె సంతకం పెట్టడానికి ముదీర్ దగ్గరికి వెళ్ళదని కూడా అప్పుడే అర్థమైంది.

అధ్యక్షుడు దేశం వదిలి వెళ్ళిపోయాడన్న కబురు తెలిసిన రోజు, నాతో మాట్లాడడం మానేసిన నర్సులంతా వచ్చి నన్ను కావలించుకున్నారు. ఎవరో నా టోపీకి పసుపు రిబ్బను కట్టారు. అలాగే వార్డుకు వెళ్తే హెడ్ సిస్టర్ తిట్టింది. తీసి జేబులో పెట్టుకున్నాను. కొద్ది రోజులకు ఆమె తల్లి ఫోన్ చేసింది. అల్లుడు పక్క ఊరి దాకా వచ్చాడట, బాగా చిక్కిపోయాడట, మనవరాల్ని అక్కడికి తీసుకెళ్తే కన్నకూతుర్నే గుర్తు పట్టలేకపోయాడట. ఆమె ఫోన్ పెట్టేసి మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆమె పక్కన కూర్చుని నేను కూడా ఏడ్చాను. అందులో ఎంత ఆమె కోసమో, ఎంత నా కోసమో చెప్పలేను.

దుబాయ్ ఎయిర్‌పోర్టుకు డ్రైవరే మమ్మల్ని తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆమె కూతురి గురించే మాట్లాడింది. లోపలికి వెళ్ళేముందు పెట్టె కింద పెట్టి నా ఎదురుగా నిలబడింది.

“ఆ రోజు నువ్వు తెలియదని అని ఉంటే నేను సంతకం పెట్టేదాన్ని,” అంది. “ఆ సంగతి నీకూ తెలుసు.”

తెలుసన్నాను.

“నేను పోకూడదని నీకు ఎంతుందో కూడా నాకు తెలుసు. మరి ఎందుకు చెప్పావు?”

లైను కదులుతోంది వెళ్ళమన్నాను. ఆమె నన్ను గట్టిగా పట్టుకుని వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్ళింది. చూడకపోవడమే మంచిదైంది. వెనక్కి వచ్చేటప్పుడు షార్జా దాటాక డ్రైవరు, గా అక్క అదృష్టవంతురాలు అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఔనన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు డ్యూటీలో ఉన్నంతసేపూ బాగానే ఉండేదాన్ని. గది తలుపు తీసేటప్పుడు మాత్రం చేతికి స్విచ్చి దొరికేది కాదు. ఆమె ఉన్నన్నాళ్ళూ దాన్ని వెతకాల్సిన అవసరమే రాలేదు. కిటికీ పక్క మంచం మీద పరుపు చుట్టి పెట్టేశారు. ఎండు చేప వేయిస్తే ఎవరూ పళ్ళెం పట్టుకుని రారని వేయించడం మానేశాను. ఆమె నుంచి ఒక కార్డు వచ్చింది. ముగ్గురూ బాగున్నారని ఉంది. నేను బాగున్నానని రాశాను.

అదే వేసవిలో నా కాంట్రాక్టు గడువు వచ్చింది. ముదీర్ పిలిచి, కావాలంటే నువ్వు కూడా నెలాఖరు దాకా ఆలోచించుకో అన్నాడు. అక్కర్లేదన్నాను. కుర్చీ చూపించినా కూర్చోకుండా, నిలబడే సంతకం పెట్టేశాను. బయట వ్యాను దగ్గర డ్రైవరు సిగరెట్ కాలుస్తున్నాడు.

“ఏందక్కా, గప్పుడే దస్కత్ పెట్టొచ్చినవా?” అన్నాడు. “గా అక్కకేమో వద్దంటివి. నీకు ఇంటికి పోబుద్ది గాదా?”

“ఆమెను ఇంటికి పిలవడానికి ఒక దేశం దేశమే వీధిలోకి వచ్చిందయ్యా,” అన్నాను. “నన్ను పిలవడానికి మా తమ్ముడు బస్టాండు దాకా కూడా రాడు.”

అతను పెద్దగా నవ్వాడు. నేను వేళాకోళం ఆడాననుకున్నాడు. నేనూ కాస్త నవ్వి, టైమ్ అయిందని వార్డుకు వెళ్ళిపోయాను.